పెద్దోడికి మాత్ర

మందత్తకి ఇద్దరు కొడుకులని కొత్తగా పరిచయమైనవాళ్ళు అనుకునేవాళ్ళు. "మా పెద్దోడు కొండ మీదున్నాడు, చిన్నోడు లారీ మీదున్నాడు" అని ఆవిడ చెప్పే తీరు అలాంటిది మరి. లారీ మీదున్నవాడు ఆవిడ కన్న కొడుకే, ఒక్కగానొక్కడు. కొండ మీదున్నవాడు కుక్క.

నల్లటి ఒళ్ళు, మెడ కింద తెల్లటి మచ్చ, ఒక చెవి నిక్కి ఒక చెవి వాలి ఉండేవి. మనిషి మాట్లాడుతుంటే తల ఒరగేసి వినేవాడు. కొడుక్కి మీసాలొచ్చాక కూడా ఈ సంగతి మీద ఉడుకుమోత్తనం పోలేదు.

"నేను పుట్టిన ఎన్నేళ్ళకో వచ్చిన కుక్క, నాకంటే పెద్దోడెలా అయ్యాడమ్మా?"

"ఎండనకా వాననకా పరిగెత్తేవాడు పెద్దోడు గాక, కూర్చుని చక్రం తిప్పేవాడు పెద్దోడవుతాడా?" అనేది మందత్త.

ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు గొర్రెకీ మేకకీ తేడా కూడా తెలియదు. మామగారు మంచాన పడ్డాక మంద బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. మొగుడు మంచివాడే గానీ, ఏం అడిగినా "ఊఁ" అనడం తప్ప ఇంకో మాట రాని మనిషి. కంచె కట్టమంటే ఊఁ, ఉన్ని కత్తిరించమంటే ఊఁ, ఇల్లు తగలబడుతోందన్నా ఊఁ. అందుకని అందరూ ఆయన్ని ఊఁమామ అనేవాళ్ళు. ఊఁ అనేవాడి చేతిలో మంద నిలవదని ఆవిడే కర్ర పట్టుకుని కొండెక్కింది. ఎక్కినావిడ మళ్ళీ దిగలేదు. ఏ గొర్రె కుంటుతోందో, ఏది ఈనబోతోందో, ఏది దొంగచాటుగా పక్కవాడి బీట్లోకి దూరుతుందో దూరం నుంచే చెప్పేసేది. అలా మందత్త అయింది.

పెద్దోడు వచ్చాక ఆవిడ పని సగమైంది. ఒకసారి కొండ మీద పొగమంచు కమ్మేసి, చాచిన చెయ్యి కనపడకుండా పోయింది. అవతల లోయ. ఆవిడ ఒక బండకి ఆనుకుని కూర్చుండిపోయింది, అడుగు తీసి అడుగు వేస్తే ఎక్కడ పడతానో అని. మంచు విడిచేసరికి మంద మొత్తం ఒక్క చోట ముద్దలా ఉంది. చుట్టూ తిరిగీ తిరిగీ పెద్దోడి నాలుక బయటికి వేలాడుతోంది. ఆ రోజు నుంచి ఆవిడ మధ్యాహ్నం రొట్టెలో సగం వాడిది. వాడు చెయ్యి నాకేవాడు, ఆవిడ ఆ చేతిని కోటుకి తుడుచుకుని మిగతా సగం తినేది. ఇంట్లో గొర్రెని కోసినా, కొండ మీద ఏ ముసలి గొర్రె చచ్చినా, లోపలి కార్జం, ఊపిరితిత్తులు వేడివేడిగా, పచ్చిగా వాడికే పడేది. "వాడి వాటా వాడికి పెట్టాకే మనం" అనేది. అందులో ప్రేమ తప్ప ఇంకేం లేదు.

అలాంటి ఇంట్లోకి కొత్త కోడలు ఒక కుట్టు మిషనుతో, ఒక బుట్టతో వచ్చింది. పట్నంలో పరదాలు కుట్టే దుకాణంలో పని చేసేది. చిన్నోడు అక్కడికి గుడ్డల బేళ్ళు తోలుతూ తోలుతూ మనసు పారేసుకున్నాడు. పిల్ల చురుకైనది, మాటకి మాట అందిస్తుంది, పని దొంగ కాదు. మందత్తకి నచ్చింది. నచ్చనిదల్లా ఆ బుట్టలో ఉన్నది.

బుట్టలో ఉన్నది కూడా కుక్కేనట. తెల్లగా, రెండు పిడికిళ్ళంత ఒళ్ళుతో, ఎటు తలో ఎటు తోకో తెలియకుండా ఉంది.

"ఇదేంటే అమ్మాయ్, దూదిపింజలా ఉంది?" అంది మందత్త. అంతే, దానికి ఆ పేరే ఖాయమైంది.

దూదిపింజకి గోరువెచ్చని నీళ్ళతో స్నానం. దూదిపింజకి దువ్వెన. దూదిపింజ సోఫా మీద పడుకుంటే ఊఁమామ కింద కూర్చునేవాడు, లేపడం ఎందుకులే అని. అన్నిటికీ మించి, కోడలు ఒక డబ్బాలోంచి మాత్ర తీసి దాని నోట్లో వెయ్యడం చూసిన రోజు మందత్తకి నవ్వాగలేదు.

"దానికేమన్నా బీపీయా?"

"నట్టల మందు అత్తయ్యా. కుక్కల కడుపులో పురుగులుంటాయి కదా, వాటికి. మా దుకాణం పక్కన పశువుల డాక్టరమ్మ ఉండేది, ఆవిడ అలవాటు చేసింది. పెద్దోడికి వెయ్యరా మీరు?"

"మా పెద్దోడికి రాళ్ళు పెట్టినా అరుగుతాయి" అంది మందత్త. ఆ మాటతో ఆ సంభాషణ ముగిసింది.

కోడలు నీళ్ళోసుకున్న వార్త, కబేళా నుంచి ఫోను, రెండూ ఒకే వారంలో వచ్చాయి. మొదటిదానికి ఇల్లంతా పొంగిపోయింది. రెండోదానికి మందత్త కోటు తొడుక్కుని, కొడుకు లారీ ఎక్కి బయల్దేరింది. ముందు రోజు అక్కడికి పంపిన లోడు గొర్రెలు ఆవిడవే.

కబేళాలో మాంసం తనిఖీ చేసే ఆయన రబ్బరు బూట్లతో, గడ్డానికి కట్టిన వలతో ఎదురొచ్చాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. చల్లటి గదిలోకి తీసుకెళ్ళి స్టీలు పళ్ళెంలో ఒక కార్జం చూపించాడు. దాని మీద గోలీల్లా కొన్ని, కోడిగుడ్డంత ఒకటి, తెల్లటి బుడగలు తేలి ఉన్నాయి. కత్తి మొనతో తాకితే లోపల నీళ్ళు కదిలాయి.

"ఒక్కదానికే కాదమ్మా. మీ లోడులో సగానికి పైగా ఇలాగే ఉన్నాయి. కార్జాలూ ఊపిరితిత్తులూ అన్నీ పారెయ్యాల్సి వచ్చింది" అన్నాడు.

మందత్తకి తల కొట్టేసినట్టయింది. ఆవిడ గొర్రెలంటే ఆ చుట్టుపక్కల ఒక పేరు. "నా గొర్రెలు నిగనిగలాడుతుంటాయి. వాటికి జబ్బేంటి?"

"పైకి కనపడదు. ఇది కుక్కల నుంచి వస్తుంది. మీ ఇంట్లో కుక్కలున్నాయా?"

"ఉన్నాయి. రెండు" అంది, అంటూండగానే ఆవిడ కళ్ళ ముందు సోఫా మీద పడుకున్న తెల్లటి ఉండ మెదిలింది. ఇన్నేళ్ళ నుంచి లేనిది ఇప్పుడెందుకొచ్చింది? కొత్తగా ఇంట్లోకి వచ్చింది ఎవరు? ఇంకేం కావాలి? లారీలో తిరిగొస్తున్నంతసేపూ ఆ ఒక్క మాటనే పళ్ళ కింద నూరుకుంటూ కూర్చుంది. కొడుకు రేడియో పెట్టబోతే చెయ్యి మీద ఒకటి వేసింది.

గుమ్మంలో అడుగు పెడుతూనే మొదలెట్టింది. "పట్నం కుక్క, ఎక్కడెక్కడ తిరిగిందో, ఏం రోగం మోసుకొచ్చిందో! నా మందని నాశనం చేసింది. ఆ కుక్కన్నా ఉండాలి ఈ ఇంట్లో, నేనన్నా ఉండాలి."

"ఊఁ" అన్నాడు ఊఁమామ అలవాటు కొద్దీ.

"దేనికి ఊఁ?" అని భార్య కళ్ళెర్రజేసేసరికి ఆయన సుత్తి తీసుకుని కంచె దగ్గరికి వెళ్ళిపోయాడు.

కోడలు మిషను మీద నుంచి లేచింది. "అత్తయ్యా, దీని వల్లే అని తేలితే నేనే మా అక్క దగ్గర దింపి వస్తాను. కానీ తేలాలి కదా. రెండిట్నీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్దాం. రెండిటి మలం పరీక్ష చేస్తే తెలిసిపోతుంది."

"పద. ఇవాళే పద" అంది మందత్త. పెద్దోడి మీద ఆవిడకున్న నమ్మకం అలాంటిది.

ఇవాళే అవలేదు. పెద్దోడి నమూనా దొరకాలిగా. మర్నాడు పొద్దున్నే ఖాళీ జాము సీసా చేత్తో పట్టుకుని మందత్త వాడి వెనకాల పడింది. వాడు రెండడుగులు వేసి వెనక్కి తిరిగి చూసేవాడు. ఆవిడ ఆగేది, వాడూ ఆగేవాడు. వాడి బతుకులో ఎవరూ ఇలా వెంటపడింది లేదు. సిగ్గుపడ్డట్టు తల తిప్పుకుని పొదల చాటుకి పోయేవాడు. అవతలి బీట్లో మంద కాసే మీసాలాయన ఇదంతా చూసి, "ఏంటత్తా, కుక్కకి జాము తినిపిస్తావా?" అని కేకేశాడు. "నీకే తెస్తున్నా, ఉండు" అంది మందత్త. ఎట్టకేలకి సీసా నిండేసరికి ఎండెక్కింది.

డాక్టరమ్మ ఆసుపత్రి అంటే రెండు గదులు. ముందు గదిలో బల్లలు, గోడకి ఆవు బొమ్మ, బరువు తూచే పలక. వెనక గదిలో స్టీలు బల్ల, మైక్రోస్కోపు. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని దానికోసం వెతుక్కునే మనిషి డాక్టరమ్మ. అత్తాకోడళ్ళు బల్లకి ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు. మధ్యలో పెద్దోడు, దూదిపింజ ఒకదాన్నొకటి వాసన చూసుకుని, ఏ గొడవా లేకుండా పక్కపక్కనే పడుకున్నాయి.

చాలాసేపటికి డాక్టరమ్మ పిలిచింది. "రండి, మీరే చూడండి" అని మందత్తని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. ముందు ఏమీ కనపడలేదు. తర్వాత గుండ్రంగా, గోధుమరంగులో, చుట్టూ మందపాటి అంచుతో చిన్న చిన్న గింజలు కనిపించాయి.

"బద్దెపురుగు గుడ్లు" అంది డాక్టరమ్మ.

"చూశావా!" అని కోడలి వైపు తిరిగింది మందత్త.

"అది పెద్ద కుక్కది అమ్మా. చిన్నదాని దాంట్లో ఏమీ లేవు."

మందత్త మళ్ళీ కంటిని అద్దానికి ఆనించింది, గింజలు ఈలోగా వేరే కుక్కవి అయిపోతాయేమో అన్నట్టు. అవి కదల్లేదు. ఆవిడ లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, చిన్న పిల్లకి చెప్పినట్టు కాకుండా, తోటి మనిషికి చెప్పినట్టు చెప్పింది. "కుక్క కడుపులో ఉండే పురుగు బియ్యపు గింజంత కూడా ఉండదు. కుక్కకి ఏ ఇబ్బందీ చెయ్యదు, అందుకే మనకి తెలియదు. దాని గుడ్లు దొడ్డితో బయటికొచ్చి గడ్డికి అంటుకుంటాయి. ఆ గడ్డి గొర్రె మేస్తుంది. గొర్రె లోపల అది నీటితిత్తిగా పెరుగుతుంది. ఆ కార్జం పచ్చిగా మళ్ళీ కుక్కకి పెడితే, తిరిగి పురుగవుతుంది. అలా చక్రంలా తిరుగుతుంటుంది. మీరు కబేళాలో చూశానన్నారే, కోడిగుడ్డంత తిత్తి, అంత అవడానికి ఏళ్ళు పడుతుంది. మీ కోడలు కాపురానికొచ్చి ఎన్నాళ్ళయింది?"

వాడి వాటా వాడికి అంటూ తను విసిరిన కార్జాలన్నీ ఆవిడకి గుర్తొస్తున్నాయి. కోడలు ఇప్పుడేదో అంటుంది, అనాలి కూడా, తనైతే అనేది. కానీ కోడలు దూదిపింజ వీపు నిమురుతూ కూర్చుందే తప్ప నోరు మెదపలేదు. అది మందత్తకి ఇంకా ఇబ్బందిగా ఉంది.

పెద్దోడి తల మీద చెయ్యి వేసింది. "అయితే వాణ్ణి... తీసెయ్యాలా?"

"ఎవర్ని?"

"పెద్దోణ్ణి."

డాక్టరమ్మ కళ్ళజోడు నెత్తి మీద నుంచి ముక్కు మీదకి దించి ఆవిడని చూసింది. "అయ్యో, అదేం మాటమ్మా! మాత్ర వెయ్యాలి. అంతే. ఒక్క మాత్రతో పురుగులు పోతాయి. ఆరు వారాలకోసారి వేస్తూ ఉండాలి. పచ్చి కార్జం, ఊపిరితిత్తులు ఇక మీదట పెట్టకండి. పెట్టాలనిపిస్తే బాగా ఉడకబెట్టి పెట్టండి, లేదా లోతుగా పూడ్చెయ్యండి. అంతే."

"అంతేనా?"

"అంతే."

మందత్త పెద్దోడి మెడ పట్టుకుని, వాడి చెవి దగ్గర "అంతేనంటరా" అంది. అది విని దూదిపింజ కూడా తోకాడించింది.

అయితే అంతటితో అవలేదు. బయల్దేరబోతుంటే డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. ఆ గుడ్లు మనిషి నోట్లోకి పోయినా అలాంటి తిత్తులే రావచ్చు. కుక్కని ముట్టుకున్న చేత్తో కడుక్కోకుండా తినడం వల్ల, కడగని ఆకుకూరల వల్ల. "భయపడొద్దు. కానీ ఇన్నేళ్ళు కలిసి తిన్నారు కాబట్టి, ఇంట్లో అందరూ ఒకసారి ఆసుపత్రిలో స్కానింగు చేయించుకోండి. అమ్మాయికి ఎలాగూ బిడ్డ కోసం చేస్తారుగా, అప్పుడే చూడమనండి."

దారిలో మందత్త చూపు కోడలి కడుపు మీదకే పోతోంది. ఈ పిల్ల ఇంట్లో అడుగు పెట్టినప్పటి నుంచి తను కలిపి పెట్టిన రొట్టె పిండి, ఆ చేతులు, ఆ కోటు...

ఆ సాయంత్రం మాత్ర వెయ్యడం ఒక పెద్ద తతంగమైంది. మందత్త దవడ తెరిచి వేస్తే పెద్దోడు మర్యాదగా నోరు మూసుకుని, ఆవిడ అటు తిరగ్గానే ఆవిడ బూటు మీదే ఉమ్మేశాడు. రొట్టెలో పెడితే రొట్టె తిని మాత్ర మిగిల్చాడు. ఊఁమామ పట్టుకుంటానని వచ్చి, వాడు చూసిన చూపుకే వదిలేశాడు. చివరికి కోడలు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూసి, "అలా కాదత్తయ్యా, మా దూదిపింజని తెస్తా ఉండండి" అంది.

ఉడికిన మాంసం మూడు ముద్దలు చేసింది. మాత్ర నడిమి ముద్దలో పెట్టింది. దూదిపింజని ఎదురుగా కూర్చోబెట్టి, మొదటి ముద్ద పెద్దోడికి వేసింది. వాడు నమలబోతుంటే దూదిపింజ గుర్రుమంది. రెండో ముద్ద గాల్లో ఉండగానే దూదిపింజ ఎగిరింది. తన వాటా ఎక్కడ పోతుందోనని పెద్దోడు దాన్ని నమలకుండా గుటుక్కున మింగేశాడు. మూడో ముద్ద దూదిపింజకి దక్కింది.

మందత్త విరగబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఇన్నాళ్ళూ తినికూర్చునేదనుకున్నానే, పనికొచ్చిందే ఈ దూదిపింజ!"

తర్వాత రెండు రోజులు వాణ్ణి కట్టేసి ఉంచాలి, దొడ్డి ఎక్కడా కొండ మీద పడకుండా చేతికి తొడుగులేసుకుని ఎత్తి లోతుగా పూడ్చాలి. ఒక్కరోజు కూడా తాడు మెడకెక్కని కుక్క వాడు. మంద కొండెక్కుతుంటే చూసి పెట్టిన ఏడుపుకి పక్కింటివాళ్ళు వచ్చి అడిగారు. ఆ రెండు రోజులూ ఊఁమామ మంద తోలుకుపోయాడు, జన్మలో మొదటిసారి. సాయంత్రం వచ్చేసరికి ఆయనకి గొంతు బొంగురుపోయింది. ఊఁ అంటే కదిలే గొర్రెలు కావుగా అవి.

స్కానింగుకి వెళ్ళే రోజున మందత్త అందరికంటే ముందు లేచి, ఉతికిన కోటు తొడుక్కుని కూర్చుంది. ఆసుపత్రి వసారాలో ప్లాస్టిక్ కుర్చీలు, నేల కడిగిన మందు వాసన. ముందు కోడల్ని పిలిచారు. తలుపు మూసుకుంది. చిన్నోడు లేచి అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఊఁమామ టోపీ తీసి మళ్ళీ పెట్టుకుంటున్నాడు. మందత్త మాత్రం కదలకుండా తలుపు వైపే చూస్తోంది. తనకేమైనా ఫరవాలేదు, తన తప్పుకి ఆ పిల్లకేమీ కాకూడదని, ఎవరికి చెప్పుకుంటోందో తెలియకుండానే చెప్పుకుంటూ ఉంది.

తలుపు తెరుచుకుంది. కోడలు బయటికొచ్చింది. మొహమంతా నవ్వు.

"ఏమీ లేదత్తయ్యా! నా లోపల శుభ్రంగా ఉందట. బిడ్డ గుండె చప్పుడు కూడా వినిపించారు. ఎంత గబగబా కొట్టుకుంటోందో, పరిగెత్తే గొర్రెపిల్లలా ఉంది!"

మందత్త లేచి కోడల్ని పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. గుండెల మీద నుంచి కొండ దిగినట్టయింది. చిన్నోడూ ఊఁమామా కూడా శుభ్రంగానే బయటపడ్డారు. ఆఖరున ఆవిడ వంతు. చల్లటి జిగురు పూసి, డాక్టరు పొట్ట మీద మిషను అటూ ఇటూ తిప్పి, ఒకచోట ఆగాడు.

"ఇక్కడ ఒకటుందమ్మా" అన్నాడు.

ఆవిడ తల తిప్పి తెర వైపు చూసింది.

"చిన్నది. పాతది. ఎప్పుడో ఎండిపోయి రాయిలా అయిపోయింది. బతికి లేదు. దీనికి ఆపరేషనూ వద్దు, మందూ వద్దు. ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి చాలు."

బయటికొచ్చాక అందరూ చుట్టూ మూగారు. మందత్త కోటు గుండీలు పెట్టుకుంటూ, "నాకూ వచ్చిందట. కానీ నా లోపలికొచ్చి అదే చచ్చింది" అంది.

"ఊఁ" అన్నాడు ఊఁమామ. ఇన్నేళ్ళలో ఆయన అంత నమ్మకంగా ఊఁ అనడం ఎవరూ వినలేదు. ఆసుపత్రి వసారాలో అంత గట్టిగా నవ్వకూడదని నర్సు వచ్చి చెప్పాల్సి వచ్చింది.

ఆ రోజు నుంచి ఇంటి వెనక కుళాయి దగ్గర సబ్బు బిళ్ళ వచ్చింది. కొండ మీదకి రొట్టెతో పాటు నీళ్ళ సీసా, సబ్బు వెళ్ళేవి. పెద్దోడికి రొట్టెలో సగం పెట్టడం ఆపలేదు గానీ, ముందు ఆవిడ తిని, తర్వాత వాడికి పెట్టి, చేతులు కడుక్కునేది. వరస మారినందుకు వాడు మొదట్లో అలిగాడు.

తన ఒక్క కుక్కకి మాత్ర వేస్తే చాలదని డాక్టరమ్మ చెప్పింది. ఆ కొండ మీద మేసే మందలన్నిటికీ గడ్డి ఒకటే. అందుకని మందత్త మిగతా కాపరుల దగ్గరికి బయల్దేరింది. కొందరు వెంటనే ఒప్పుకున్నారు. మీసాలాయన మాత్రం మొండికేశాడు.

"నా కుక్క దిట్టంగా ఉందత్తా. దానికి రాళ్ళు పెట్టినా అరుగుతాయి."

మందత్త నవ్వాపుకుంది. ఆ మాట తనదే. "అరిగితే మంచిదే. పద, కబేళాకి వెళ్ళి నీ గొర్రె కార్జం కూడా చూద్దాం. ఏమీ లేకపోతే నీ కుక్కకి రోజూ నేనే రొట్టె పెడతా."

"చూడ్డానికేముంది" అని వెళ్ళాడు. చూశాడు. తిరిగొచ్చేటప్పుడు మీసాలు కిందికి వాలి ఉన్నాయి. ఆయన కుక్కకి మాత్ర వెయ్యడానికి దూదిపింజని బుట్టలో పెట్టుకుని కోడలే వెళ్ళింది, నిండు కడుపుతో. తర్వాత తర్వాత, మాత్ర వేసే రోజు వస్తే చాలు, కాపరులు కుక్కల్ని తోలుకుని మందత్త వాకిట్లోకే వచ్చేవాళ్ళు. ఒక కుక్క తింటుంటే ఇంకో కుక్క చూస్తే చాలు, ఏదీ నమిలేది కాదు. ఎవరిదన్నా ఉమ్మేస్తే అందరూ ఈలలు వేసేవాళ్ళు. డాక్టరమ్మ వచ్చి బల్ల మీద కూర్చుని టీ తాగుతూ చూసేది.

ముసలి గొర్రెల్లో అప్పటికే ఉన్న తిత్తులు ఎలాగూ పోవని, కొత్తగా పుట్టిన వాటిల్లో ఫలితం కనపడాలంటే ఓపిక పట్టాలని ఆవిడ ముందే చెప్పింది. మందత్త ఓపిక పట్టింది. ఈలోగా మనవరాలు పుట్టింది, పాకింది, నిలబడింది. దూదిపింజ దాని ఉయ్యాల కింద కాపలా పడుకునేది. నడక రాగానే పిల్ల కుళాయి దగ్గరికెళ్ళి చేతులు చాపి నిలబడేది, నీళ్ళతో ఆడుకోవచ్చని. మందత్త ఆ చిన్న చేతులకి సబ్బు రాసి, వేళ్ళ సందులు కూడా కడిగేది.

ఆ పిల్ల మాటలు నేర్చే ఏడు, మాత్రలు మొదలెట్టాక పుట్టిన గొర్రెల్ని మందత్త మొదటిసారి కబేళాకి పంపింది. ఫోను వచ్చేదాకా ఆగలేక తనూ లారీ ఎక్కింది. గేటు దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

తనిఖీ ఆయనే బయటికొచ్చాడు, తొడుగులు విప్పుకుంటూ. "అమ్మా, ఒక్కదాంట్లో కూడా లేదు."

"సరిగ్గా చూశారా?"

"చూశానమ్మా."

"ఊపిరితిత్తులు?"

"అవీ చూశాను. అద్దంలా ఉన్నాయి. మీ కొండ మీద నుంచి వచ్చిన మిగతా మందలవి కూడా బాగా తగ్గాయి. మీసాలాయన లోడులో ఒకే ఒక్కటి దొరికింది, అదీ ముసలి గొర్రెలో."

మందత్త ఆయనకి దణ్ణం పెట్టి, తిరిగొచ్చి లారీ మెట్టు మీద కూలబడింది. కొడుకు కంగారుగా దిగొచ్చాడు.

"ఏమైందమ్మా? మళ్ళీ వచ్చాయా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఆకలేస్తోందిరా" అంది. "పొద్దుటి నుంచి ఏమీ తినలేదు."

రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర లారీ ఆపాడు. మందత్త రెండు బన్నులు తిని, మూడోదానికి చెయ్యి చాపింది. టీ చల్లారిపోయేదాకా కబుర్లు చెప్పింది. కోడలికి ఆ బన్నులంటే ఇష్టమని నాలుగు కట్టించింది. లారీ కదిలాక, కొడుకు రేడియో పెడితే ఈసారి ఏమీ అనలేదు. ఊరు రాకముందే, కిటికీకి తలానించి, నోరు తెరుచుకుని నిద్రపోయింది.